రహస్యం ఆయమ్మ

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. టీచర్లకు ఆయమ్మ, పిల్లలకు రహస్యం ఆయమ్మ. ఒక పాత ఇంటి కింది భాగంలో నడిచే చిన్నపిల్లల బడి అది. ముందు ఇనుప గేటు, లోపల చెప్పుల అర, ఒక జారుడుబల్ల, నీళ్ళ తొట్టి, మూడు గదులు. కొత్త పిల్లలు చేరే రోజుల్లో ఆ గేటు దగ్గర పొద్దున్నే ఏడుపులు చూడాలి! వీధి చివర దుకాణం వాడు కూడా తలుపు ఓరగా వేసుకునేవాడు. తల్లులు కొంగు విడిపించుకోలేక, విడిపించుకుని పోలేక నానా అవస్థా పడేవాళ్ళు. అప్పుడు పెద్ద టీచరు వరండాలోంచి ఒకే ఒక్క మాట అనేది.

"ఆయమ్మా, నువ్వు చెబితే వింటాడు."

ఆయమ్మ తొందరపడేది కాదు. చీపురు గోడకు ఆనించి, చేతులు చీరకు తుడుచుకుని, గేటు దగ్గర నేల మీద చతికిలబడేది. పిల్లాడి కంటే కిందికి ఉండాలి, అది మొదటి సంగతి. వాడి వైపు చూడకూడదు, అది రెండోది. కాసేపు రాయో పుల్లో ఏరుతూ, తన పనేదో తనకున్నట్టు కూర్చుని, మెల్లగా చిటికెన వేలు మాత్రం వాడి వైపు చాపేది. చెయ్యి పట్టుకుంటే లాగినట్టుంటుంది. వేలు చాపితే పిల్లాడే వచ్చి పట్టుకున్నట్టుంటుంది. వాడు వేలు అందుకున్నాక చెవి దగ్గర నోరు పెట్టి, "నీకో రహస్యం చెప్పనా? ఎవరికీ చెప్పకూడదు మరి," అనేది. రహస్యం అన్నాక ఏడుస్తూ వినడం కుదరదు కదా. ఎంతటి మొండిఘటమైనా ఎక్కిళ్ళు మింగుకుని చెవి అప్పగించేవాడు. తొట్టి వెనక ఒక కప్ప ఉందని ఒకడికి, టీచరు జడ ఉత్తుత్తి జడ అని ఇంకొకడికి, ఎవరికి తగ్గ రహస్యం వాళ్ళకు. రెండు నిమిషాల్లో ఆ వేలు పట్టుకుని వాడు లోపలికి నడిచి వెళ్ళిపోయేవాడు. తల్లి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయేది.

ఈ పనికి మనవాళ్ళు చాలా చల్లటి మాటలు పెట్టుకున్నారు. చిన్నవాళ్ళ దగ్గరైతే బుజ్జగించడం, పెద్దవాళ్ళ దగ్గరైతే నచ్చజెప్పడం. వింటుంటేనే ఒంటికి గంధం పూసినట్టుంటుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. బతిమాలేవాడు కాళ్ళ దగ్గర కూర్చుంటాడు, వాణ్ణి పొమ్మనొచ్చు. బెదిరించేవాడు నెత్తి మీద నిలబడతాడు, వాడి మీద తిరగబడొచ్చు, చేతకాకపోతే వాడు వెళ్ళాకైనా తిట్టుకోవచ్చు. నచ్చజెప్పేవాడు పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తాడు. వాణ్ణి ఏం చేస్తారు? వాడు అనుకున్నదే జరుగుతుంది, పైగా మన నోటితోనే సరే అనిపించుకుని మరీ పోతాడు. ఆ తర్వాత ఏడవడానికి మొహం కూడా చెల్లదు, సరే అన్నది మనమే కదా. "ఎలాగో నచ్చజెప్పి పంపించాను" అని ఎవరైనా అంటే, అబ్బ, ఎంత నేర్పు అని మెచ్చుకుంటాం. ఆ వెళ్ళినవాడి మొహం ఎలా ఉందో మాత్రం అడగం.

ఆయమ్మకు ఈ విద్య పుట్టింట్లోనే పట్టుబడింది. తండ్రి వడ్రంగి. ముక్కు మీదే కోపం, చేతిలో ఏముంటే అది గాల్లోకి లేచేది. తల్లి నోరు పెద్దది, ఆ నోరు లేచిందంటే ఆయన చెయ్యి లేచేది. వాళ్ళిద్దరి మధ్యా ఈ పిల్ల మెత్తటి గొంతు ఒక్కటే పనిచేసేది. గొడవ ముదిరినప్పుడల్లా తల్లి వంటగదిలోంచి తోసేది, "వెళ్ళి చెప్పవే, నువ్వు చెబితే వింటాడు" అని. ఆరేళ్ళ పిల్ల వెళ్ళి తండ్రి పక్కన కూర్చుని, ఆయన గీసిన చెక్క పొట్టు ఏరుతూ, ఏవేవో కబుర్లు చెప్పి ఆయన చేతిలోని చెక్క చెక్కే బాడిస కింద పెట్టించేది. ఆ పిల్ల గుండె ఎంత కొట్టుకుందో ఎవరు చూశారు? చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు.

పెళ్ళయ్యాకా అదే వరస. మొగుడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. చేతులెంత చల్లనో నోరంత వేడి. కూరలో ఉప్పు తక్కువైతే కంచం గోడకు కొట్టేవాడు. ఆమె గోడ తుడిచి, మళ్ళీ వడ్డించి, పక్కన కూర్చుని, వాడి అరచేతుల్లో పగుళ్ళకు నూనె రాస్తూ నెమ్మదిగా మాటల్లోకి దించేది. పదిహేనేళ్ళకు వాడు పోయేనాటికి నిజంగానే మెత్తబడ్డాడు. పులిని పిల్లిని చేసిందమ్మా అని వీధి వీధంతా చెప్పుకుంది.

వీధి చెప్పుకుని ఊరుకోలేదు, వాడుకుంది కూడా. ఇంటి యజమానికి పై వాటా ఖాళీ చేయించాలనిపించింది. ఆ వాటాలో ఒక దర్జీ, మంచం పట్టిన అతని భార్య ఉండేవాళ్ళు. వెళ్ళమంటే వాళ్ళు వెళ్ళరు, గొడవ పెట్టుకుంటే పరువు తక్కువ. యజమాని వచ్చి, "మీరు ఒక్క మాట చెప్పండమ్మా, మీరు చెబితే వింటారు," అన్నాడు. ఆమె గ్లాసుతో వేడి పాలు పట్టుకుని పైకి వెళ్ళింది. దర్జీ భార్య కాళ్ళు పడుతూ, ఇన్ని మెట్లు ఎక్కి దిగడం నీకు ఎంత కష్టం తల్లీ, కిందిల్లు ఒకటి దొరికితే ఎంత హాయి అని, అలా అలా మాట్లాడింది. వారం తిరక్కుండా వాళ్ళు ఖాళీ చేశారు. వెళ్తూ వెళ్తూ ఆ ఇల్లాలు ఈమె చేతులు పట్టుకుని, మీలాంటి మంచి మనిషిని చూడలేదు అని కూడా అంది. కుట్టుమిషను దించుతున్నప్పుడు మెట్టు మెట్టుకూ అయిన చప్పుడు మాత్రం చాలా రోజులు ఆమె చెవుల్లోంచి పోలేదు. వాళ్ళ మంచికేలే అని తనకు తనే నచ్చజెప్పుకుంది. ఆ పని కూడా ఆమెకు బాగానే వచ్చు.

బడిలో చేరాక ఈ విద్యకు జీతం కూడా వచ్చింది. ఊడ్చడం, తుడవడం, పిల్లలకు చేతులు కడగడం పేరుకే. అసలు ఉద్యోగం వేరు. ఒకసారి జారుడుబల్ల అంచు లేచి ఒక పిల్లాడి గడ్డం చీరుకుపోయింది. తల్లి నిప్పులు కక్కుకుంటూ వచ్చింది. పెద్ద టీచరు తన గదిలోంచి బయటికి రాకుండానే, "ఆయమ్మా, నువ్వు చెబితే వింటుంది," అంది. ఆయమ్మ ఆవిణ్ణి చెప్పుల అర పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆవిడతో పాటు తనూ రెండు కన్నీటిబొట్లు రాల్చి, దెబ్బ కంటికి తగల్లేదు దేవుడి దయ అనిపించి పంపించింది. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. అదే అసలు చిక్కు. ఆవిడ శాంతంగా వెళ్ళిపోయింది కాబట్టి బల్ల బాగుచేయించాల్సిన పనీ లేకపోయింది. లేచిన అంచుకు ఆయమ్మే ఒక పాతగుడ్డ చుట్టి కట్టింది.

ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు, గొంతెత్తి తిట్టలేదు. చుట్టుపక్కల తల్లులు తమ పిల్లల్ని చితకబాదినప్పుడల్లా ఆయమ్మను చూసి సిగ్గుపడేవాళ్ళు. కూతురు బొమ్మలు బాగా వేసేది, ఆ చదువు చదువుతానంది. తల్లి పక్కన కూర్చుని జుట్టు నిమిరింది. కూతురు లెక్కల వైపు వెళ్ళింది. లారీ నడిపేవాణ్ణి చేసుకోనంది, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండనివాడు నాకెందుకంది. తల్లి మళ్ళీ జుట్టు నిమిరింది. పెళ్ళయింది. అల్లుడు చెడ్డవాడు కాదు, పిల్ల అన్నట్టే ఇంట్లో ఉండడు, అంతే. కూతురు ఒక పెద్ద బట్టల షాపులో నిలబడి బట్టలు మడతపెట్టే ఉద్యోగం చూసుకుని, పాపను ఎత్తుకుని, అమ్మ దగ్గరే ఉంటానని వచ్చేసింది.

ఆ పాపే పిచ్చుక. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని పెట్టిన ముద్దుపేరు, అదే ఉండిపోయింది. నాలుగో ఏడు రాగానే అమ్మమ్మ బడిలోనే వేశారు. అమ్మమ్మ ఉన్న చోట పిల్లకు ఏం భయం, కూతురికి ఏం బెంగ!

మొదట్లో పిచ్చుక నవ్వుతూనే వెళ్ళింది. చలి మొదలైన రోజుల్లో ఒక జలుబు వచ్చి పోయింది. ఆ తర్వాతనుంచి గేటు దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టింది. ఊచలు పట్టుకుని, తల భుజంలోకి వంచుకుని ఒకటే ఏడుపు. ఏమ్మా అంటే "వద్దు." ఎందుకమ్మా అంటే "వద్దు, వద్దు." నాలుగేళ్ళ పిల్ల, ఎక్కడో ఏదో వద్దు అని తెలుసు, ఆ వద్దుకు పేరు తెలియదు. లోపల పిల్లల గోల, గంట మోత, పలకలు బల్లకేసి కొట్టడం, ఇవన్నీ ఆ పిల్ల చెవిలో సూదుల్లా దిగుతున్నాయని ఎవరికి తట్టింది? ఎవరికి తట్టకపోయినా అమ్మమ్మకు తట్టాల్సింది.

అమ్మమ్మకు తట్టింది వేరు. బడిలో టీచర్లంతా చూస్తున్నారు. ఊరందరి పిల్లల ఏడుపూ మాన్పించిన మనిషి సొంత మనవరాలు గేటు పట్టుకుని వేలాడుతోంది. పెద్ద టీచరు నవ్వుతూనే అంది, "ఏం ఆయమ్మా, నీ మంత్రం ఇంట్లో పారదా?" అని. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది.

ఆయమ్మ చతికిలబడింది. వేలు చాపింది. పిచ్చుక పట్టుకుంది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి రహస్యం మొదలుపెట్టగానే, పిల్ల ఒక్క ఉదుటున తల విదిలించి వెనక్కి తగ్గింది. ఎవరూ అలా తగ్గలేదు ఇంతవరకూ. మొండి అనుకుంది ఆయమ్మ. రెండోవైపు తిరిగి కుడి చెవిలో చెప్పింది.

"ఈ బడి మొత్తంలో మంచి పాప ఎవరో తెలుసా? ఏడవని పాప. అది ఎవరో కాదు, నువ్వే. ఎవరికీ చెప్పకు, అందరికీ కుళ్ళు."

పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. ఏడుపు ఆపింది. వేలు పట్టుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజులు గడిచేకొద్దీ పని తేలికైపోయింది. వేలు చాపడం ఆలస్యం, పిల్ల తనంతట తనే కుడి చెవి తిప్పి ఇచ్చేది. ఎటునుంచి పిలిచినా కుడి వైపే తిరిగేది. ఎడమ వైపునుంచి పిలిస్తే ఒక్కోసారి తిరిగేదే కాదు. ఇదొక ఆట కాబోలు అనుకుని ఆయమ్మ ముచ్చటపడింది, కావాలని ఎడమవైపు వెళ్ళి పిల్ల గిర్రున తిరిగితే నవ్వేది కూడా. ఇంకొన్నాళ్ళకు రహస్యం అక్కర్లేకుండానే పిచ్చుక లోపలికి వెళ్ళిపోయేది. బుగ్గల మీద నీళ్ళుండేవి, గొంతులో చప్పుడుండేది కాదు. పెద్ద టీచరు కొత్త తల్లులకు ఆ పిల్లను చూపించి, "చూడండి, ఎంత బుద్ధిమంతురాలో," అనేది. ఆయమ్మ చీపురు పట్టుకుని పొంగిపోయేది.

ఇంట్లో కూతురు ఒకటి రెండుసార్లు అంది.

"అమ్మా, ఇది నిద్రలో మూలుగుతోందే."

"పగలంతా ఆడుతుంది కదమ్మా, ఒళ్ళు నొప్పులు."

"దిండు మీద పసుపుపచ్చగా మరకలున్నాయి."

"చొంగ కార్చుకుంటుంది. నువ్వు కార్చలేదూ? పెళ్ళయ్యేదాకా కార్చావు," అని నవ్వించింది.

కూతురు నవ్వింది. పగలంతా నిలబడి కాళ్ళు లాగే మనిషి, నవ్వించేవాళ్ళుంటే నవ్వుకుని పడుకోవడమే సుఖం. అనుమానం ఉన్నచోట కూడా ఆ తల్లి మాట చల్లగా పారింది.

ఒకరోజు షాపునుంచి వచ్చిన కూతురు పిచ్చుకకు తల దువ్వుతూ, ఎడమ చెవి పక్కన జుట్టు అట్టకట్టి ఉండడం చూసింది. విడదీస్తే వాసన. పిల్ల కిక్కురుమనలేదు, పళ్ళు మాత్రం బిగబట్టింది. కూతురు దువ్వెన పక్కన పెట్టి, ఎడమ చెవి దగ్గర చిటిక వేసింది. మళ్ళీ వేసింది. చప్పట్లు కొట్టింది. పిచ్చుక గోడ మీది బల్లిని చూస్తూ కూర్చుంది.

చెవి డాక్టరు గదిలో ముగ్గురూ ఉన్నారు. ఆయన లైటు వేసి చూసి, లైటు ఆర్పి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"చాలా నెలలుగా చీము పట్టి ఉందమ్మా. పొర చిల్లు పడి, లోపలి సన్న ఎముకల్ని కూడా తినేసింది. ఈ చెవి వినికిడి పోయినట్టే అనుకోండి. పెద్దయ్యాక ఆపరేషను చేసి చూడొచ్చు, కానీ వస్తుందని నేను మాటివ్వలేను. ముందు ఈ చీము ఆగాలి, లేకపోతే తల లోపలికి పాకుతుంది. మొదట్లోనే తెచ్చుంటే మందుతో పోయేదే."

కూతురు పిచ్చుకను ఒళ్ళోకి లాక్కుంది. డాక్టరే మళ్ళీ అన్నాడు.

"నాకు అర్థం కానిదొకటే. ఇంత నొప్పికి పిల్లలు ఇల్లు ఎగరగొట్టేస్తారు. ఈ పాప ఏడవలేదా?"

"లేదండీ," అంది కూతురు. "అస్సలు ఏడవదండీ."

ఆయమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. గేటు దగ్గర మొదటి రోజు పిల్ల తల విదిలించిన విదిలింపు ఇప్పుడు తెలిసింది. తిప్పి ఇచ్చిన కుడి చెవి ఇప్పుడు తెలిసింది. ఏడిచింది బాబూ, రోజూ ఏడిచింది, నేనే మాన్పించాను అని చెప్పాలి. నోరు తెరిచింది. ఎదుటివాళ్ళ చేత ఎన్నో చెప్పించిన నోరు, ఆ ఒక్కటీ చెప్పలేకపోయింది.

ఇంటికి వచ్చి పిల్ల పడుకున్నాక, వంటగదిలో అంట్ల దగ్గర చెప్పింది. మొదటి రోజునుంచీ, ఊచలు పట్టుకోవడం నుంచీ, ఆట అనుకుని నవ్వడం దాకా ఏదీ దాచలేదు. కూతురు కుళాయి కట్టేసి విన్నది. అరుస్తుందనుకుంది తల్లి. అరిస్తే బాగుండుననుకుంది.

"నువ్వు నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదమ్మా," అంది కూతురు. "తెలుసా నీకు? పుట్టి బుద్ధెరిగాక ఒక్కటంటే ఒక్క దెబ్బ. కొట్టుంటే బాగుండేది."

"అదేం మాటే..."

"కొడితే తిరగబడేదాన్ని. అన్నం మానేసేదాన్ని, ఎవరింటికో పారిపోయేదాన్ని. నువ్వు పక్కన కూర్చుని జుట్టు నిమురుతుంటే ఎవరి మీద తిరగబడను? నాకు వద్దు అనిపించిందల్లా నీ చెయ్యి పడేసరికి నాదే తప్పు అనిపించేది. ఇప్పుడు షాపులో ఎవరైనా ఈ రెండిట్లో ఏ రంగు బాగుందమ్మా అంటే నాకు చెమటలు పడతాయి. నాకేం కావాలో నాకు తెలీదమ్మా. నా సంగతి పోనీ. దానికి నొప్పి పుడుతుంటే, నొప్పి అని కూడా నువ్వు ఏడవనివ్వలేదు."

"నాకు తెలీలేదు తల్లీ. తెలిస్తే నేను..."

"ఆపు. ఆ గొంతు ఆపు. ఆ గొంతుతో నాతో మాట్లాడకు."

ఆయమ్మ ఆపింది. ఇంకో గొంతుతో ఏదైనా అందామని చూసింది. కూతుర్ని తిడదామా, తనను తాను తిట్టుకుందామా, గోడకేసి తల కొట్టుకుని ఏడుద్దామా అనుకుంది. ఏదీ రాలేదు. ఆమెకు ఉన్నది ఆ గొంతు ఒక్కటే.

"దానికి ఇంక నువ్వు ఏదీ చెప్పకు," అంది కూతురు. "అన్నం తినకపోతే మానెయ్యనీ. బడికి రానంటే తీసుకెళ్ళకు. చెవిలో రహస్యాలు అసలే వద్దు."

ఆయమ్మ సరే అంది. అన్నట్టే బడిలో కూడా మానేసింది. గేటు దగ్గర పిల్లలు ఏడుస్తుంటే చీపురు పట్టుకుని నిలబడిపోయేది. ఒకటి రెండు రోజులు చూసి పెద్ద టీచరు పిలిచి, "ఏంటి ఆయమ్మా ఈ గోల?" అంది. "ఏడుస్తున్నారమ్మా. ఎందుకో కనుక్కోండి," అంది ఆయమ్మ. పెద్ద టీచరుకు ఆ జవాబు బొత్తిగా నచ్చలేదు. పొద్దుటి పూట గేటు దగ్గర, ఇన్నాళ్ళూ వెనక గదులు ఊడ్చిన కుర్ర ఆయాను పెట్టి, ఈమెను వెనక గదుల ఊడ్పుకు మార్చింది. కుర్ర ఆయా వారం రోజుల్లో చిటికెన వేలు చాపడం నేర్చుకుంది. ఎవరి దగ్గర చూసి నేర్చుకుందో వేరే చెప్పాలా?

చెవి శుభ్రం చేయించే రోజు వచ్చింది. లోపలున్న చీమంతా గొట్టంతో లాగాలి, కదిలితే ప్రమాదం, కదలకుండా కూర్చోబెట్టుకోండి అని డాక్టరు ముందే చెప్పాడు. ఇప్పుడు ఆగకపోతే చీము తల లోపలికి పోతుందన్న మాట ఇంట్లో అందరి గుండెల్లోనూ ఉంది. ఆయమ్మ బయట బెంచీ మీదే ఉండిపోయింది. లోపలికి రమ్మని కూతురు అనలేదు, ఈమె అడగలేదు.

కాసేపటికి లోపల్నుంచి కేక వినిపించింది. పిచ్చుకది. గొట్టాన్ని చూసి తలుపు చట్రం పట్టుకుని, కాళ్ళు నేలకు కొట్టుకుంటూ, గొంతు చించుకుని ఏడుస్తోంది. నెలల తర్వాత ఆ పిల్ల గొంతులోంచి వచ్చిన మొదటి ఏడుపు. బెంచీ మీద కూర్చున్న ఆయమ్మకు ఎక్కడలేని ప్రాణం లేచి వచ్చింది. ఏడుస్తోంది, మా పిచ్చుక ఏడుస్తోంది, ఏడవడం మర్చిపోలేదు అనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపల నర్సు అంటోంది, ఇంకో ఇద్దర్ని పిలవండి, పట్టుకోవాలి అని. డాక్టరు అంటున్నాడు, పట్టుకుంటే కాదు, తల కొంచెం విదిలించినా చెవి పాడవుతుంది, ఇవాళ్టికి వద్దంటే మళ్ళీ ఆలస్యమైపోతుంది అని. కూతురు ఏవో చెబుతోంది, ఏడుపులో ఆ మాట వినిపించడం లేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. కూతురు జుట్టంతా రేగి ఉంది. తల్లి మొహం చూడలేక నేల చూస్తూ నిలబడింది.

"అమ్మా," అంది. ఇంకో మాట కోసం వెతుక్కుంది, దొరకలేదు. "నువ్వు చెబితే వింటుంది."

ఆయమ్మ లేచింది. ఏం చెప్పాలో తలుపు దాటేలోపే అనుకుంది. నొప్పి పుడుతుంది తల్లీ అని చెప్పాలి. ఎంత కావాలంటే అంత ఏడువు, తల మాత్రం కదపకు అని చెప్పాలి. ఈసారి మాయ లేదు, కప్పలూ జడలూ లేవు, ఉన్నదున్నట్టు చెప్పాలి.

చెప్పే అవసరమే రాలేదు. కుర్చీ పక్కన నేల మీద, అలవాటు కొద్దీ, ఆమె చతికిలబడింది. అంతే. కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. పిచ్చుక తలుపు చట్రం వదిలి వచ్చింది. చాపకుండానే అమ్మమ్మ చేతిలోంచి చిటికెన వేలు వెతికి పట్టుకుంది. కుర్చీ ఎక్కి కూర్చుని, కుడి చెవి అమ్మమ్మ నోటి దగ్గరికి వంచి పెట్టింది. బుగ్గల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతులో మాత్రం చప్పుడు లేదు.

"అబ్బ! ఎంత బాగా పెంచారండీ," అంది నర్సు.

కూతురు గోడ వైపు తిరిగిపోయింది. ఆయమ్మ ఆ చెవి దగ్గర నోరు పెట్టింది. 

"ఏడువమ్మా. నొప్పి పుడితే ఏడువు. గట్టిగా ఏడువు, నేనేం అనను. ఎవరూ ఏమనరు."

పిచ్చుక శ్రద్ధగా విన్నది. తల అడ్డంగా ఊపింది.

"ఏడువు తల్లీ. నా బంగారం కదూ. ఇందాక ఏడిచావు చూడు, అలా. నువ్వు ఏడిస్తే అమ్మమ్మకు ఎంత ఇష్టమో తెలుసా?"

మళ్ళీ అడ్డంగానే ఊపింది. కన్నతండ్రి చేత బాడిస కింద పెట్టించింది, కట్టుకున్నవాణ్ణి మెత్తబరిచింది, దర్జీ చేత ఇల్లు ఖాళీ చేయించింది, ఊళ్ళో పిల్లలందరి ఏడుపూ మాన్పించింది. ఒక్క పిల్లను ఏడిపించడం ఆమె వల్ల కాలేదు. డాక్టరు గొట్టం చేతిలోకి తీసుకుని, ఇక మొదలుపెడదామా అన్నట్టు చూశాడు.

అప్పుడు పిచ్చుక అమ్మమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి, ఆమె చెవికి నోరు ఆనించి ఏదో చెప్పింది. చెప్పి, తల నిటారుగా పెట్టుకుని, చెడిన చెవిని డాక్టరు వైపు తిప్పి ఇచ్చింది. పని అయ్యేంతవరకూ కదల్లేదు. అమ్మమ్మ వేలి మీద గోళ్ళు దిగబడ్డాయి, అంతే.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక కూతురు అడిగింది.

"ఏమందమ్మా నీ చెవిలో?"

ఏమీ లేదులే అనొచ్చు. నువ్వంటే ఇష్టమంది అనొచ్చు, అది చాలా బాగుంటుంది, కూతురి మనసు కుదుటపడుతుంది. ఎన్నేళ్ళనుంచో అలాంటివి ఆమె నాలుక చివరే ఉంటాయి. ఆయమ్మ ఆ పిల్ల అన్నది అన్నట్టే చెప్పింది.

"'నేను మంచి పాపను అమ్మమ్మా, ఏడవను. ఎవరికీ చెప్పకు' అంది."